అమ్మానాన్నలతో డిస్నీ వెకేషన్ క్లబ్‌లో వారం: గది ఎంచుకోవడం నుంచి ఖాళీ చేసేదాకా

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే, అమెరికాలోని మన ఇళ్లలో నయాగరా తర్వాత వినపడే పేరు ఓర్లాండో. పిల్లలకి డిస్నీ కావాలి. పెద్దవాళ్లకి మనవల సంబరం చూడాలని ఉంటుంది కానీ, అంత నడక ఒంటికి పడదు. మనకేమో దొరికే సెలవు వారం రోజులే. మేం అట్లాంటా నుంచి మొదటిసారి వెళ్లినప్పుడు పార్కుల బయట ఒక మామూలు హోటల్లో రెండు గదులు తీసుకున్నాం. రెండూ ఒకే అంతస్తులో దొరకలేదు. నాన్న పొద్దున్నే నాలుగున్నరకి లేచి, మమ్మల్ని లేపడం ఇష్టం లేక, కింద లాబీలో ఒక్కరే కూర్చునేవారు. మూడో రోజు రాత్రి అమ్మ "నోటికి ఇంత అన్నం తగిలి ఎన్నాళ్లయిందే" అంది. ఆ మాట నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది.

రెండోసారి డిస్నీ వెకేషన్ క్లబ్ విల్లాలో, అంటే వంటగది ఉన్న ఇల్లులాంటి బసలో దిగాం. ఆ వారం ఎలా కుదిరిందో, ఎక్కడ తడబడ్డామో వరసగా రాస్తున్నాను. మీ ప్రయాణం ఆలోచన పిల్లల దగ్గర మొదలుపెట్టకండి. ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి ఎవరో చూసి, అక్కడ మొదలుపెట్టండి. కింద రాసినదంతా ఆ లెక్కలోదే.

1. ముందు క్లబ్ లెక్క తెలుసుకోండి

ఈ క్లబ్ డిస్నీవాళ్ల టైమ్‌షేర్, అంటే సెలవుల బసలో ముందే వాటా కొనుక్కునే పద్ధతి. 1991లో మొదలైంది. ఓర్లాండోలో ఇప్పుడు ఓల్డ్ కీ వెస్ట్ అని పిలిచే రిసార్టు దీని మొదటిది. సభ్యులు ఏదో ఒక రిసార్టులో వాటా కొంటారు. అది వాళ్ల హోమ్ రిసార్టు. ఆ వాటాకి ఏడాదికి ఇన్ని పాయింట్లని వస్తాయి. గది ఎంత పెద్దది, బాల్కనీ ఎటు చూస్తుంది, ఏ నెల, వారంలో ఏ రోజు అనేదాన్ని బట్టి ఒక్కో రాత్రికి ఇన్ని పాయింట్లని పట్టిక ఉంటుంది. ఆదివారం నుంచి గురువారం దాకా రాత్రులకి తక్కువ, శుక్ర శనివారాలకి ఎక్కువ. ఆదివారం దిగి శుక్రవారం ఖాళీ చేస్తే పాయింట్లు బాగా మిగులుతాయి.

వాడని పాయింట్లను వచ్చే ఏడాదికి దాచుకోవచ్చు. దాన్ని బ్యాంకింగ్ అంటారు, సభ్యులకి పాయింట్లు జమయ్యే ఏడాది మొదలైన 8 నెలల లోపు చెయ్యాలి. వచ్చే ఏడాది పాయింట్లు ముందుగా వాడుకోవడమూ కుదురుతుంది. రెండు బెడ్‌రూమ్‌ల విల్లా తీసుకోవాలంటే చాలామంది ఈ రెండూ కలిపే సర్దుతారు.

ఒక్క సంగతి మొదట్లోనే మనసులో పెట్టుకోండి: పాయింట్లు గదికి మాత్రమే. పార్కు టికెట్లు వేరే కొనాలి, భోజనం ఖర్చు వేరే.

2. సభ్యులు కాకపోతే

మూడు దారులున్నాయి. డిస్నీ దగ్గరే డబ్బు కట్టి విల్లా తీసుకోవడం ఒకటి, అన్నిటికంటే ఖరీదు ఇదే. స్నేహితుల్లో సభ్యులుంటే వాళ్ల పాయింట్లతో మీ పేరున బుక్ చేయించుకోవడం రెండోది. పాయింట్లు అద్దెకి తీసుకోవడం మూడోది. ఇందులో మధ్యవర్తి సంస్థలుంటాయి. పాయింటుకి ఇంత అని ధర చెబుతారు. పట్టికలో మీ తేదీలకి ఎన్ని పాయింట్లో చూసి గుణించి, డిస్నీ అడిగే డబ్బుతో పోల్చుకోండి. పెద్ద విల్లాల్లో తేడా బాగా కనిపిస్తుంది.

అయితే అద్దె పాయింట్ల బుకింగులో డబ్బు సాధారణంగా వెనక్కి రాదు. అమ్మానాన్నల వీసా స్టాంపింగు ఇంకా కాలేదు, టికెట్లు ఇంకా తియ్యలేదు అన్న దశలో ఈ జోలికి పోకండి. వాళ్లు మీ ఇంట్లో దిగి, జెట్‌లాగ్ తీరాక తేదీ ఖాయం చేసుకున్నా ఏదో ఒక విల్లా దొరుకుతుంది. మనం కోరుకున్నది దొరకకపోవచ్చు, అంతే.

తెలియని మనిషికి నేరుగా డబ్బు పంపాల్సి వస్తే, రిజర్వేషన్ మీ పేరున మీ డిస్నీ ఖాతాలో కనపడిందా లేదా అన్నది చూసుకునే మొత్తం కట్టండి. బుకింగ్ నంబరు ఇస్తే మీ ఖాతాకి మీరే జోడించుకోవచ్చు.

3. ఏ రిసార్టు, ఎంత విల్లా

నన్నడిగితే, పెద్దవాళ్లు ఉన్నప్పుడు ఆలోచించాల్సిన రిసార్టు యానిమల్ కింగ్‌డమ్ విల్లాస్. అందులో జాంబో హౌస్, కిదానీ విలేజ్ అని రెండు భవనాలు. సవానా (జంతువులు తిరిగే గడ్డి మైదానం) వైపు విల్లా తీసుకుంటే బాల్కనీ కిందే జిరాఫీలు, జీబ్రాలు, రకరకాల జింకలు మేస్తుంటాయి. పార్కుకి రాని మనిషికి కూడా రోజంతా చూడ్డానికి ఏదో ఒకటి ఉంటుంది. మాది ఒంగోలు పక్క పల్లె. నాన్న జీవితమంతా గొడ్ల మధ్య గడిచింది. ఇక్కడ అంకోలే అని ఆఫ్రికా పశువులున్నాయి, మనిషి చేయంత పొడుగు కొమ్ములు వాటికి. మొదటిరోజు వాటిని చూసి "ఒళ్లు మన గిత్తంత లేదు కానీ, ఏం కొమ్ములమ్మా అవి!" అన్నారు. తర్వాత ఆ కుర్చీ వదల్లేదు. మనవడికి ఒంగోలు గిత్తల మూపురం గురించి, ఆ జాతి బ్రెజిల్ దాకా ఎలా వెళ్లిందో, గంటలు గంటలు చెప్పారు. మా బాబు తాతయ్య దగ్గర అంతసేపు కూర్చోవడం అదే మొదలు.

మీ పెద్దవాళ్లకి జంతువుల మీద ఆసక్తి లేకపోతే, నడక తగ్గించే రిసార్టు చూడండి. బే లేక్ టవర్ అనే రిసార్టు నుంచి మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుకి నడిచి వెళ్లిపోవచ్చు. అలసినవాళ్లు బస్సు కోసం నిలబడకుండా వెనక్కి వచ్చేయొచ్చు.

ఇక విల్లా సైజు. స్టూడియోలో చిన్న ఫ్రిజ్, మైక్రోవేవ్, కాఫీ మేకర్ ఉంటాయి, పొయ్యి ఉండదు. మనవాళ్లకి ఇది చాలదు. ఒక బెడ్‌రూమ్ విల్లా నుంచి పూర్తి వంటగది, పెద్ద ఫ్రిజ్, డిష్‌వాషర్, బట్టలుతికే మెషీను, ఆరబెట్టే మెషీను అన్నీ లోపలే. కిదానీలో సవానా వైపు ఒక బెడ్‌రూమ్ విల్లాలో ఐదుగురు పడతారు, రెండు స్నానాల గదులు ఉంటాయి. రెండు బెడ్‌రూమ్‌లదైతే తొమ్మిదిమంది, మూడు స్నానాల గదులు. ఆరుగురు పొద్దున్నే ఒకేసారి తయారవ్వాల్సిన ఇంట్లో మూడో స్నానాలగది విలువ మీకు చెప్పక్కర్లేదు. మూడేళ్ల లోపు పాప ఉయ్యాల మంచంలో పడుకుంటే ఆ లెక్కలోకి రాదు.

రెండు బెడ్‌రూమ్‌ల విల్లాల్లో మళ్లీ రెండు రకాలు. డెడికేటెడ్ అంటే రెండో గదిలో రెండు పెద్ద మంచాలు ఉంటాయి. లాక్-ఆఫ్ అంటే రెండో గది నిజానికి ఒక స్టూడియో, మధ్యలో తలుపు. అందులో ఒక మంచం, ఒక సోఫా మంచం, సొంత చిన్న ఫ్రిజ్, కాఫీ మేకర్, వరండాలోకి విడి తలుపు. అమ్మానాన్నలకి ఈ లాక్-ఆఫ్ గది ఇవ్వండి. తెల్లవారుజామున లేచి కాఫీ పెట్టుకుని బాల్కనీలో కూర్చుంటారు, పిల్లలు లేవరు. ఇన్సులిన్ లాంటివి వాళ్ల ఫ్రిజ్‌లోనే ఉంటాయి. మధ్యాహ్నం మీరు లేనప్పుడు తలుపు వేసుకుని పడుకుంటారు. మొదటిసారి నాన్నని లాబీలో ఒంటరిగా కూర్చోబెట్టిన బాధ నాకు ఈ గదితో తీరింది.

4. తేదీ, బుకింగ్

సభ్యులు తమ హోమ్ రిసార్టుని 11 నెలల ముందు నుంచి, మిగతావాటిని 7 నెలల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు. ఆ రోజు తూర్పు అమెరికా సమయం పొద్దున 8 గంటలకి ఆన్‌లైన్‌లో తెరుచుకుంటుంది. థాంక్స్‌గివింగ్, క్రిస్మస్, స్ప్రింగ్ బ్రేక్ రోజులకి సవానా వైపు రెండు బెడ్‌రూమ్‌ల విల్లా కావాలంటే, యానిమల్ కింగ్‌డమ్ హోమ్ రిసార్టుగా ఉన్న సభ్యుల ద్వారా 11 నెలల ముందే వెళ్లాలి. మేం పాయింట్లు తీసుకున్న స్నేహితులకి సారటోగా స్ప్రింగ్స్ హోమ్ రిసార్టు. ఏడు నెలల రోజు దాకా ఆగాల్సి వచ్చింది, ఆదివారం రాత్రి ఒక్కటి దొరకలేదు. దొరికిన నాలుగు రాత్రులు పట్టుకుని, ఆ ఒక్క రాత్రికి వెయిట్‌లిస్టులో పెట్టాం. ఆరు వారాల తర్వాత వచ్చింది. అన్ని రాత్రులూ ఒకేసారి దొరికేదాకా ఆగుదాం అనుకుంటే ఉన్నవి కూడా పోతాయి.

ఏ నెల అంటారా? పెద్దవాళ్లు ఉంటే ఈస్టర్ సందడి తగ్గాక ఏప్రిల్ చివర, మే మొదటి వారాలు నా ఓటు. జూన్ నుంచి ఎండ, ఉక్క, రోజూ మధ్యాహ్నం ఉరుములతో వాన. పిడుగు భయం ఉంటే ఈతకొలను, ఆరుబయట రైడ్లు ఆపేస్తారు. తుపాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. ఆగస్టు చివర, సెప్టెంబరులో జనం తక్కువే కానీ, ఎండకి నాన్నలాంటివాళ్లు తట్టుకోలేరు.

రద్దు చేయాల్సి వస్తే 30 రోజుల గీత గుర్తుంచుకోండి. చేరే రోజుకి 31 రోజులు, అంతకుముందు రద్దు చేస్తే పాయింట్లు సభ్యుల ఖాతాకి తిరిగొస్తాయి. ఆ తర్వాతైతే హోల్డింగ్ అనే ఖాతాలోకి పోతాయి, 60 రోజుల లోపు మొదలయ్యే బుకింగులకే పనికొస్తాయి. స్నేహితుల పాయింట్లు తీసుకున్నప్పుడు నష్టం వాళ్లది. కాబట్టి ఆ తేదీకి వారం ముందే ఇంట్లో అందరినీ అడిగి తేల్చుకోండి.

5. టికెట్లు, భోజనాల రిజర్వేషన్

అందరికీ ఒకేలా టికెట్లు కొనకండి. మేం చేసిన మంచి పని ఇదే. మాకూ పిల్లలకీ నాలుగు రోజుల టికెట్లు, అమ్మానాన్నలకి రెండు రోజులవి తీసుకున్నాం. ఎన్ని రోజుల లోపు వాడాలో టికెట్టు మీద గడువు ఉంటుంది, అది చూసి ప్లాన్ వేసుకోండి. మూడేళ్ల లోపు పిల్లలకి టికెట్టు అక్కర్లేదు. 10 ఏళ్లు నిండితే పెద్దవాళ్ల ధరే.

రిసార్టులో దిగేవాళ్లు రెస్టారెంట్లని చేరే రోజుకి 60 రోజుల ముందు నుంచి, బసలో పది రోజుల దాకా ఒకేసారి బుక్ చేసుకోవచ్చు. కిదానీ కింద సనా అని ఒక రెస్టారెంట్ ఉంది, ఆఫ్రికా వంటలు భారతీయ మసాలాతో చేస్తారు. అక్కడ బ్రెడ్ సర్వీస్ అని నాన్‌లు, వాటితో కొత్తిమీర పచ్చడి, మామిడి చట్నీ, రైతా లాంటివి తెస్తారు. కిటికీ పక్క బల్ల దొరికితే జంతువుల్ని చూస్తూ తినొచ్చు. వారంలో ఒక్కపూట ఇక్కడికి తీసుకెళ్లండి. మిగతాది వంటగదే.

క్యూ తప్పించే లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ కావాలంటే, రిసార్టువాళ్లకి చేరే రోజుకి 7 రోజుల ముందు పొద్దున 7 గంటలకి బస మొత్తానికి తెరుచుకుంటుంది. బయట దిగినవాళ్లకి 3 రోజుల ముందే. అమ్మానాన్నలకి అన్ని రోజులూ కొనక్కర్లేదు, వాళ్లు ఎక్కేవి చాలావాటికి క్యూ తక్కువే ఉంటుంది.

6. వంట సామాను

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి. విల్లాకి ఎక్కువ ఇచ్చి తీసుకునేది ఈ వంటగది కోసమే.

కారులో వెళ్లేవాళ్లు ఇంటి నుంచి తీసుకెళ్లాల్సినవి: రెండు కిలోల సోనామసూరి, కందిపప్పు, పోపుల డబ్బా, చింతపండు, పసుపు, కారం, చిన్న సీసాలో నెయ్యి, ఆవకాయ, గోంగూర పచ్చడి, కరివేపాకు, కాఫీ పొడి, చిన్న ఫిల్టరు. దోసెపిండి ఐస్‌పెట్టెలో పెట్టుకుంటే మొదటి రెండు పొద్దుటి పూటలు గడిచిపోతాయి. అడుగు చదునుగా ఉన్న మూడు లీటర్ల స్టీలు కుక్కరు ఒకటి. కరెంటు కుక్కరు తేవాలనుకుంటే రిసార్టు నిబంధనలు చూసుకోండి. నేను తేలేదు, అక్కడి గిన్నెలోనే అన్నం గంజి వార్చాను. కంచాలు, గ్లాసులు, చెంచాలు, పెనాలు అక్కడుంటాయి. లేనివి: లోతైన గరిటె, పప్పుగుత్తి, పదునైన కత్తి, ఫిల్టరు. ఇవి బ్యాగులో వేసుకోండి.

పాలు, పెరుగు, కూరగాయలు, పళ్లు, తాగేనీళ్ల క్యాన్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి, రిసార్టుకి తెచ్చిస్తారు. ఫ్లోరిడా కుళాయి నీళ్ల రుచి అమ్మకి నచ్చలేదు, కాఫీకి కూడా క్యాను నీళ్లే వాడింది.

పోపు విషయం జాగ్రత్త. ఫ్యాన్ ముందే వేసి, పొగ రానివ్వకుండా సన్నటి మంట మీద, పక్కనే మూత పట్టుకుని వెయ్యండి. ఎండుమిరపకాయలు మాడితే పొగ అలారం మోగుతుంది, పడుకున్న పసివాళ్లు ఉలిక్కిపడతారు. నేను ఒకరోజు పోపు మొత్తం ఇంటి దగ్గరే చేసి చిన్న డబ్బాలో తీసుకెళ్లి ఉంటే బాగుండేదనుకున్నాను. తర్వాతిసారి అలాగే చేశాను: నూనెలో ఆవాలు, మినప్పప్పు, మిరపకాయలు, ఇంగువ వేయించి సీసాకెత్తుకున్నాను. పప్పులో, పెరుగన్నంలో ఒక్క చెంచా కలిపితే చాలు.

పార్కుల్లోకి ఇంటి తిండి తీసుకెళ్లనిస్తారు. గాజు సీసాలు, విడి ఐసు మాత్రం వద్దంటారు. ఐసుకి బదులు గడ్డకట్టిన జెల్ ప్యాక్ వాడండి. పెరుగన్నం, పులిహోర, చపాతీల చుట్టలు, దానిమ్మ గింజలు పెట్టుకెళ్లండి. పులిహోర పొట్లం విప్పినప్పుడు అమ్మ మొహం చూడాలి. పార్కుల్లో కౌంటరు దగ్గర అడిగితే చల్లని మంచినీళ్లు ఊరికే పోస్తారు, సీసా నీళ్లు కొనక్కర్లేదు.

7. చేరే రోజు

అట్లాంటా నుంచి ఐ-75 మీద దాదాపు 440 మైళ్లు. ఏడు గంటల దారి అనుకుంటారు, పెద్దవాళ్లతో తొమ్మిది అవుతుంది. ప్రతి రెండు గంటలకీ దిగి నడిపించండి, కాళ్లు వాచవు. జార్జియా టోల్ ట్యాగ్ పీచ్ పాస్ ఫ్లోరిడా టోల్ రోడ్ల మీద కూడా పనిచేస్తుంది. విమానంలో వచ్చేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది: డిస్నీ ఉచితంగా నడిపిన విమానాశ్రయం బస్సు 2022 జనవరిలో ఆగిపోయింది. టాక్సీ, డబ్బు కట్టే షటిల్ బస్సు ముందే చూసుకోండి.

గది 4 గంటలకి ఇస్తారు. ముందే వెళితే ఈతకొలను వాడుకోవచ్చు. కాబట్టి ఈత బట్టలు, మందులు, పాప మార్చుబట్టలు ఒక చిన్న సంచిలో పైనే ఉంచండి. పెద్ద పెట్టెలు కారు వెనక అడుగున ఉన్నా ఫర్వాలేదు.

కిదానీ భవనం వంపు తిరిగి చాలా పొడుగ్గా ఉంటుంది. చివరి విల్లా వస్తే లిఫ్ట్ నుంచి గదికే ఒక ప్రయాణం. ఆన్‌లైన్ చెక్-ఇన్‌లో "లాబీకి దగ్గరగా" అని తప్పకుండా అడగండి. కోరిక మాత్రమే, హామీ లేదు. మాకు మొదట దూరంగా ఇచ్చారు. రిసెప్షన్ కౌంటరుకి వెళ్లి, నాన్న మోకాళ్ల సంగతి మర్యాదగా చెప్పాను. గంట ఆగితే దగ్గరిది ఇస్తామన్నారు, ఇచ్చారు.

ఆ సాయంత్రం పార్కుకి వెళ్లకండి. అన్నం, పప్పు, వడియాలు. బాల్కనీలో చాప వేసి తినండి. జంతువులకి ఏమీ విసరకూడదని పిల్లలకి గట్టిగా చెప్పండి, అక్కడ అది నిషేధం.

8. రోజు ఎలా నడపాలి

రిసార్టువాళ్లకి అన్ని పార్కుల్లోనూ రోజూ అరగంట ముందు ప్రవేశం ఉంది. పిల్లలకి కావాల్సిన పెద్ద రైడ్లు ఆ అరగంటలోనూ తర్వాతి గంటలోనూ ఎక్కించండి. అమ్మానాన్నలని ఆ పరుగులోకి లాగకండి. మేం పొద్దున్నే వెళ్లేవాళ్లం, వాళ్లు టిఫిన్ చేసి మా ఆయనతో పదింటికి వచ్చేవాళ్లు. మధ్యాహ్నం ఒంటిగంటకి అందరం విల్లాకి. భోజనం, నిద్ర. ఎండ తగ్గాక ఓపిక ఉన్నవాళ్లే మళ్లీ వెళ్లడం. వంటగది ఉన్న విల్లా తీసుకున్నందుకు ఈ మధ్యాహ్నపు నిద్రే అసలు లాభం.

పెద్దవాళ్ల రెండు రోజులూ దేనికి? మాకైతే యానిమల్ కింగ్‌డమ్, ఎప్‌కాట్ పార్కులు. యానిమల్ కింగ్‌డమ్‌లో కిలిమంజారో సఫారీకి ఎత్తు నిబంధన లేదు, ఇంటిల్లిపాదీ ఒకే బండిలో ఎక్కొచ్చు. దారి కుదుపులుగా ఉంటుంది, నడుం నొప్పి ఉన్నవాళ్లకి ముందే చెప్పండి. లయన్ కింగ్ ప్రదర్శన చల్లటి హాల్లో కూర్చుని చూసేది. ఎప్‌కాట్‌లో లివింగ్ విత్ ద ల్యాండ్ అని పడవ మీద తీసుకెళ్లే రైడు ఒకటుంది, గ్రీన్‌హౌస్‌ల మధ్య నుంచి పోతుంది. మట్టి లేకుండా, వేళ్లు గాల్లో వేలాడుతూ పెరిగే మొక్కలు చూసి నాన్న రెండోసారి ఎక్కుదామన్నారు. మొత్తం సెలవులో ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే. వ్యవసాయం చేసిన మనిషి మీ ఇంట్లో ఉంటే దీన్ని వదలకండి.

మ్యాజిక్ కింగ్‌డమ్‌కి కూడా తీసుకెళ్లాలనుకుంటే, పార్కు చుట్టూ తిరిగే రైలు, ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ పడవ, నెమ్మదిగా తిప్పే పీపుల్ మూవర్ బండి చాలు.

ఎత్తు నిబంధనలు ముందే ఇంట్లో కొలిచి చూసుకోండి. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్‌కి 38 అంగుళాలు, స్పేస్ మౌంటెన్‌కి 44. చిన్నది ఎక్కలేని రైడ్ల దగ్గర రైడర్ స్విచ్ అడగండి. ఒకరు పాపతో ఉండి, రెండోవాళ్లు దిగాక మళ్లీ క్యూ మొత్తం నిలబడకుండా ఎక్కొచ్చు. ఆ పాపని ప్రతిసారీ అమ్మానాన్నల మీద వదిలి మనం వెళ్లిపోవడం మంచిది కాదు. వాళ్లు కాదనరు. కానీ పరాయి చోట, భాష సరిగ్గా రాని చోట, ఏడ్చే పాపని పట్టుకుని కూర్చోవడం వాళ్లకి భయం.

వీల్‌చైర్ మాట ఎలా ఎత్తాలో చాలామందికి తెలియదు. నాన్న "నేను నడవలేనన్నానా?" అని ముభావంగా అయిపోయారు. నేను వాదించలేదు. ముందు రోజు ఫోనులో మేం నడిచిన లెక్క చూపించాను, 11 కిలోమీటర్లు. "నాన్నా, బండి ఖాళీగానే తోసుకెళ్దాం, సంచులు పెట్టుకుందాం, మీకు కావాల్సినప్పుడు కూర్చోండి" అన్నాను. పదకొండింటికి ఆయనే కూర్చున్నారు. రిసార్టులో కొన్ని వీల్‌చైర్లు డిపాజిట్ మీద ఇస్తారు, పార్కుల్లో రోజువారీ అద్దెకి ఉంటాయి. పార్కుది పార్కులోనే వదలాలి. బస్టాపు నుంచి గది దాకా కూడా కావాలంటే రిసార్టుది గానీ, ఇంటి నుంచి తెచ్చుకున్నది గానీ ఉండాలి.

పార్కు ప్రతిదాంట్లో ప్రథమ చికిత్స కేంద్రం ఉంది. బీపీ, షుగర్ మందుల జెనరిక్ పేర్లు ఒక కాగితం మీద రాసి నాన్న జేబులో, నా ఫోనులో పెట్టాం. విజిటర్ ఇన్సూరెన్స్ కార్డు ఫొటో కూడా.

9. కొనమని పిలిస్తే

క్లబ్ రిసార్టుల్లో సభ్యత్వం గురించి వివరిస్తామని బల్ల దగ్గర పలకరిస్తారు. ఏ వెకేషన్ క్లబ్‌లో అయినా ఇది మామూలే. సెలవు సంతోషంలో ఉన్నప్పుడు సంతకం పెట్టకండి. ఇంటికెళ్లి మూడు సంగతులు చూడండి. వాటా ఏ ఏడాదితో ముగుస్తుంది: యానిమల్ కింగ్‌డమ్‌ది 2057, బీచ్ క్లబ్, బోర్డ్‌వాక్ లాంటి పాతవి 2042. రెండు, మీరు సెలవుకి వెళ్లినా వెళ్లకపోయినా ఏటా కట్టాల్సిన నిర్వహణ రుసుము. మూడు, పాత సభ్యుల దగ్గర రీసేల్‌లో కొంటే ధర ఎంత, ఎక్కడ వాడుకోకూడదు. 2019 జనవరి 19 తర్వాత పాత రిసార్టుల వాటా రీసేల్‌లో కొన్నవాళ్లు రివియెరా లాంటి కొత్తవాటిలో ఆ పాయింట్లు వాడలేరు.

మా బంధువులు వేరే ఊళ్లో, వేరే కంపెనీ టైమ్‌షేర్‌ని ఒక మధ్యాహ్నంలో కొనేసి ఏళ్ల తరబడి రుసుము కడుతూ బాధపడ్డారు. రద్దుకి గడువు ఉంటుందని వాళ్లకి తెలియదు. ఫ్లోరిడా చట్టం ప్రకారం సంతకం పెట్టిన రోజు, పత్రాలన్నీ చేతికందిన రోజు, వీటిలో ఏది వెనక అయితే అక్కడి నుంచి 10 రోజుల లోపు రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. ఎవరైనా అప్పటికే సంతకం పెట్టి మీకు ఫోన్ చేస్తే, మొదట ఆ తేదీ అడగండి.

10. ఖాళీ చేసే రోజు

రోజూ గది శుభ్రం చేసే పద్ధతి ఇక్కడ లేదు. పాయింట్ల మీద వారం లోపు బసైతే నాలుగో రోజు చెత్త తీసి, తువ్వాళ్లు మారుస్తారు. మిగతాది మనమే. చివరి రాత్రే బట్టలన్నీ ఉతికి మడతపెట్టేస్తే ఇంటికి మాసిన బట్టల మూట వెళ్లదు. గిన్నెలు డిష్‌వాషర్‌లో పెట్టి ఆన్ చెయ్యండి. పసుపు మరకలు గట్టు మీద పడితే అప్పటికప్పుడు తుడవండి, ఆరితే వదలదు.

11 గంటలకి ఖాళీ చెయ్యాలి. అమ్మానాన్నలకి హడావిడి పడదు కాబట్టి ఎనిమిదికల్లా పెట్టెలు కారులోకి చేర్చి, మిగిలిన అన్నంతో దారికి పులిహోర కలిపేసి, వాళ్లని బాల్కనీలో కూర్చోనివ్వండి. చివరగా మీరొక్కరే గది మొత్తం తిరగండి: ఫ్రిజ్ తలుపులో నెయ్యి సీసా, స్నానాలగదిలో కట్టుడు పళ్ల డబ్బా, మంచం పక్క ఫోన్ ఛార్జరు, లాక్-ఆఫ్ గదిలో చిన్న ఫ్రిజ్ లోపలి మందులు. అన్నిటికంటే ముందు అల్మరాలోని సేఫ్ తెరిచి, అమ్మానాన్నల పాస్‌పోర్టులు రెండూ చేతిలోకి తీసుకున్నాకే తలుపు వెయ్యండి.